ఊళ్లో ఒక సెమిస్టర్: వ్యవసాయ డిగ్రీకి ప్రాణం రావెప్

వ్యవసాయ కళాశాల సిలబస్‌లో ప్రతి కోర్సు పక్కనా కూడిక గుర్తుతో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది తరగతి గదిలో చెప్పే పాఠానిది, రెండోది ప్రాక్టికల్‌ది. 2+1 అని ఉంటే వారానికి రెండు గంటల పాఠం, ఒక ప్రాక్టికల్ అన్నమాట. మూడేళ్లు చదువు ఈ పద్ధతిలోనే నడుస్తుంది. 2016 నాటి నమూనా ప్రకారం నాలుగో ఏడాదిలో మాత్రం ఏడో సెమిస్టర్ పక్కన 0+20 అని ఉంటుంది, ఎనిమిదో సెమిస్టర్ పక్కనా అంతే. ఆ ఏడాది పాఠాలుండవు. మొత్తం పనే.

ఈ రెండింట్లో మొదటి సెమిస్టర్‌ను మన రెండు రాష్ట్రాల్లోనూ రావెప్ అంటారు. పూర్తి పేరు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం. విద్యార్థులు ఊళ్లలో ఉంటారు, ఒక్కొక్కరు ఒక్కో రైతుకు జతపడతారు, ఆ రైతు పొలమే వాళ్లకు తరగతి. విద్యార్థులు ఊరికి వచ్చేది రైతులకు కొత్త పద్ధతులు చెప్పడానికని చాలామంది అనుకుంటారు. చెప్పడం కూడా ఉంటుంది గానీ అది చిన్న భాగం. పుస్తకంలో ఉన్న సిఫారసు ఈ పొలానికి, ఈ ఏడాది వానకు, ఈ రైతు చేతిలో ఉన్న డబ్బుకు సరిపోతుందా అని కొలిచి, లెక్కగట్టి, అడిగి తేల్చుకోవడం విద్యార్థి నేర్చుకోవాల్సిన అసలు విద్య. అది తరగతి గదిలో రాదు. అందుకే డిగ్రీ మొత్తానికి ఈ సెమిస్టరే ప్రాణమని నా అభిప్రాయం. దాన్ని కాపాడుకోవడానికి చేయాల్సిన పనులు కూడా ఉన్నాయి.

ఈ చదువు ఎక్కడి నుంచి వచ్చింది

ఒకప్పుడు మన దేశంలో వ్యవసాయ కళాశాలలు సాధారణ విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా ఉండేవి. పరిశోధన, రైతుకు సలహా చెప్పే పని ప్రభుత్వ వ్యవసాయ శాఖ చూసుకునేది. బోధన ఒకచోట, పొలం ఇంకొకచోట. ఈ మూడింటినీ ఒకే కప్పు కిందికి తేవాలన్న ఆలోచనకు నమూనా అమెరికాలో దొరికింది. అక్కడ 1862లో వచ్చిన మోరిల్ చట్టం కింద రాష్ట్రాలకు భూములిచ్చి, వాటిపై వచ్చే సొమ్ముతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టించారు. మన దగ్గర 1948–49లో రాధాకృష్ణన్ కమిషన్ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని చెప్పింది. 1960లో పంత్‌నగర్‌లో దేశపు మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం మొదలైంది.

తెలుగునాట ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఏర్పడింది. 1945 నుంచి ఉన్న బాపట్ల కళాశాల, 1961లో వచ్చిన తిరుపతి కళాశాల దాని కిందికి చేరాయి. అమెరికా సహాయ కార్యక్రమం ద్వారా కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ తొలి ఏళ్లలో తోడ్పడింది. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత రాజేంద్రనగర్‌లో ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రంగా విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకు మారింది.

పాఠం చెప్పే సంస్థే విత్తనాన్నీ తయారు చేయడం వల్ల విద్యార్థికి కలిగే మేలు పెద్దది. సాంబ మసూరిగా దేశమంతా తెలిసిన బీపీటీ 5204 బాపట్లలో పుట్టింది. స్వర్ణగా పేరుపడ్డ ఎంటీయూ 7029 మార్టేరుది. తెలంగాణ సోనా అని పిలిచే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రాజేంద్రనగర్‌ది. ఈ రకాలను తీర్చిదిద్దిన పరిశోధన స్థానాలు, జిల్లాల్లోని ఏరువాక కేంద్రాలు, విశ్వవిద్యాలయం నడిపే కృషి విజ్ఞాన కేంద్రాలు అన్నీ ఒకే కుటుంబంలోవి. రావెప్ విద్యార్థికి పొలంలో సందేహం వస్తే ఎవరిని అడగాలో తెలుసు.

ఇరవై వారాలు ఎలా గడుస్తాయి

2015 జూలైలో కేంద్రం ‘స్టూడెంట్ రెడీ’ పేరుతో చివరి ఏడాది మొత్తాన్ని అనుభవ విద్యగా మార్చింది. 2016లో భారత వ్యవసాయ పరిశోధన మండలి ఐదో డీన్ల కమిటీ దానికి వారాలవారీ నమూనా ఇచ్చింది. దాని ప్రకారం మొదటి వారం కళాశాలలోనే సన్నాహం. తర్వాత 8 వారాలు ఊరు. 5 వారాలు పరిశోధన స్థానంలోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో పని. 2 వారాలు మొక్కల వైద్యశాల. 3 వారాలు విత్తన కంపెనీ, ఎరువుల కంపెనీ, ఆహార శుద్ధి పరిశ్రమ లాంటి చోట శిక్షణ. చివరి వారం నివేదిక. ఎనిమిదో సెమిస్టర్‌లో విద్యార్థి పుట్టగొడుగుల పెంపకం, విత్తనోత్పత్తి, జీవన ఎరువులు, తేనెటీగల పెంపకం, మట్టి–నీటి పరీక్షలు వంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, చిన్న వ్యాపారంలా నడిపి, లాభనష్టాలు తేల్చాలి.

ఊళ్లో గడిపే 8 వారాలను మళ్లీ అంశాలవారీగా పంచారు. ఊరి సర్వే, సేద్య పద్ధతులు, సస్యరక్షణ, భూసారం, పండ్లు–కూరగాయలు, శుద్ధి–నిల్వ, పశుపోషణ, విస్తరణ: ఒక్కోదానికి ఒక్కో వారం.

దీనికి ముందుమెట్టు మూడో ఏడాదిలోనే ఉంటుంది. ఖరీఫ్, రబీ పంటల ప్రాక్టికల్ కోర్సుల్లో ఎనిమిది పది మంది జట్టుకు ఒక మడి అప్పగిస్తారు. దుక్కి నుంచి అమ్మకం దాకా పని వాళ్లదే. చివర్లో సాగు ఖర్చు, నికరాదాయం జట్టుకెంత, తలకెంత అని లెక్క చూపాలి. అయితే అది కళాశాల పొలం. నీళ్లు వస్తాయి, విత్తనం దొరుకుతుంది, పంట పోయినా ఎవరి ఇల్లూ గడవకుండా ఆగిపోదు. ఊళ్లో ఈ మూడింటికీ భరోసా లేదు. అక్కడి నుంచే చదువు లోతు పెరుగుతుంది.

మట్టి: ఎకరానికి బదులు అర కిలో

తేలిగ్గా కనిపించి, ఎక్కువగా తప్పిపోయే పని మట్టి నమూనా తీయడం. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట పోగు వేసిన చోట, కాలువ దగ్గర తీయకూడదు. పొలంలో వంకరటింకరగా నడుస్తూ పది పదిహేను చోట్ల ఆగాలి. పైన ఉన్న ఆకూ అలమూ తీసేసి, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, దాని వాలు వెంట పైనుంచి కిందిదాకా ఒకే మందంలో పొర తీయాలి. అన్నిచోట్ల మట్టినీ కలిపి, పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసేయాలి. అర కిలో మిగిలేదాకా అలాగే చేసి, నీడన ఆరబెట్టాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఎకరం పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 900 టన్నులు. ఆ మొత్తానికి ఈ అర కిలో సాక్ష్యం చెప్పాలి. పొలం మూలన చౌడు మచ్చ ఉంటే దాన్ని వేరుగా తీయాలి. కలిపేస్తే ఆ మచ్చకూ పనికిరాదు, మిగతా పొలానికీ పనికిరాదు. ఆ మచ్చ ఎక్కడుందో రైతుకు తెలుసు. అడిగితే చెబుతాడు. అడగని విద్యార్థి తీసిన నమూనాను ఎంత మంచి ప్రయోగశాల అయినా సరిచేయలేదు.

ఫలితం భూసార కార్డుగా వస్తుంది. 2015 నుంచి ఇస్తున్న ఈ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ పరిమాణం, సేంద్రియ కర్బనం. రైతు వాటిని ఓపిగ్గా విని, ‘ఇంతకీ ఎన్ని కట్టలు వెయ్యమంటావమ్మా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినప్పుడే విద్యార్థికి భూసార శాస్త్రం వంటబట్టినట్టు. 50 కిలోల డీఏపీ కట్టలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని దాదాపు 20.7 కిలోలు. డీఏపీతో వచ్చే నత్రజనిని తీసేసి మిగిలినదానికే యూరియా లెక్క వేయాలి. చాలా పొలాల్లో యూరియా అదనంగా పడటానికి ఈ తీసివేత చేయకపోవడం ఒక కారణం.

పురుగు: ముందు లెక్క, తర్వాత మందు

వరి పొలంలో సుడిదోమ కనపడగానే మందు కొట్టడం అలవాటైపోయింది. పంటకు జరిగే నష్టం మందు ఖర్చును మించే స్థాయి ఒకటుంటుంది. అది దాటితేనే పిచికారీ చేయాలని శాస్త్రం చెబుతుంది. పిలకల దశలో దుబ్బుకు 10–15 దోమలు, ఈనిక దశలో 20–25 ఆ హద్దు. కాండం తొలుచు పురుగుకు చదరపు మీటరుకు ఒక గుడ్ల సముదాయం, లేదా 5 శాతం చనిపోయిన మొవ్వులు. పత్తిలో గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు, లేదా 10 శాతం గుడ్డిపూలు.

ఈ అంకెలు పరీక్షలో రాయడం ఎవరికైనా వస్తుంది. మోకాలి లోతు బురదలో దిగి, దుబ్బును పక్కకు వంచి, నీటికి కాస్త పైన మొదళ్ల దగ్గర దోమల్ని లెక్కపెట్టడం వేరు. అక్కడే సాలీళ్లు కూడా కనిపిస్తాయి. దోమల్ని తినే సాలీళ్లు చాలినన్ని ఉంటే మందు వాయిదా వేయవచ్చు. మందు కొడితే ముందు చచ్చేది అవేనని రైతుకు చూపించి చెప్పవచ్చు. అరచేతి మీద పెట్టి చూపిన సాలీడు చేసే పని కరపత్రం చేయలేదు.

రైతు వైపు నుంచి నేర్చుకునేదీ ఇక్కడే. సుడిదోమ అదుపులో ఉండాలంటే పైరు మొదళ్లకు గాలీ వెలుతురూ తగలాలి కాబట్టి ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని సిఫారసు. చాలామంది వదలరు. కారణం అడిగితే జవాబులు వస్తాయి: గుత్తకు నాటే ముఠా తాడు పట్టుకుని కొలత ప్రకారం నాటదు, కౌలు చెల్లించాల్సిన వాడికి ఖాళీగా వదిలిన ప్రతి చాలూ పోయిన బస్తాలాగే కనిపిస్తుంది. ఈ కారణాలు తెలిసిన విద్యార్థి రేపు వ్యవసాయ అధికారి అయితే రైతు మాట వినలేదని ఫిర్యాదు చేయడు. నాట్ల ముఠాతో ముందే మాట్లాడతాడు.

నీరు: చూపుకు అందని లెక్క

ప్రకృతి వనరుల నిర్వహణ అన్న పెద్ద మాట ఊళ్లో రెండు మూడు చిన్న కొలతలతో మొదలవుతుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే దాదాపు 4 వేల లీటర్ల నీరు. 30 మిల్లీమీటర్ల వాన అంటే లక్షా 20 వేల లీటర్లు. అందులో నాలుగో వంతు వాలు వెంట పారిపోతే, ఒక్క వానలో ఎకరం 30 వేల లీటర్లు పోగొట్టుకున్నట్టు. దాంతోపాటు పైమట్టీ పోతుంది. వాలుకు అడ్డంగా ఎందుకు దున్నాలో, గట్టు ఎక్కడ తెగిందో, ఫారంపాండ్ ఏ మూలన తవ్వాలో ఈ లెక్క చేతిలో ఉన్నప్పుడు వివరించడం సులువు.

బోరు దగ్గర ఇంకో కొలత. 20 లీటర్ల బకెట్ నిండడానికి 8 సెకన్లు పడితే గంటకు 9 వేల లీటర్లు. ఎకరానికి 50 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 2 లక్షల లీటర్లకు కాస్త పైనే కావాలి. అంటే దాదాపు 22 గంటల 30 నిమిషాలు. రోజుకు 9 గంటల కరెంటు వస్తే రెండున్నర రోజులు. ఈ బోరు కింద ఎన్ని ఎకరాలు తడపగలమో, రబీలో వరి వేయాలా మినుము వేయాలా అన్నది ఇప్పుడు రైతు, విద్యార్థి కలిసి లెక్కలు పెట్టుకుని మాట్లాడుకోగలరు.

దీనికి మన నేల మీదే గొప్ప ఉదాహరణ ఉంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జల యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేశారు. ఎంత నీరుందో, అనుకున్న పంటలకు ఎంత కావాలో గోడ మీద రాసుకుంటే, ఏ పంట వేయాలో బయటివాళ్లు చెప్పాల్సిన అవసరం తగ్గింది. రావెప్ విద్యార్థులు ఊరి వనరుల పటం గీసేటప్పుడు, ఊరికి అడ్డంగా నడుస్తూ మెట్ట, పల్లం, చెరువు ఆయకట్టు నమోదు చేసేటప్పుడు పట్టుకోవాల్సిన స్ఫూర్తి ఇదే. పటం రంగులతో అందంగా ఉండటం కంటే ఆ పటం ముందు కూర్చుని ఊరివాళ్లు వాదించుకోవడం ముఖ్యం.

ఖర్చు, మనుషులు

పంట లెక్క రాయడం కూడా ఊళ్లోనే పూర్తిగా తెలుస్తుంది. రైతు చేతి నుంచి పోయిన డబ్బు, విత్తనం, ఎరువు, కూలి, యంత్రాల అద్దె, కౌలు కలిపితే ఒక ఖర్చు. ఇంటివాళ్ల శ్రమకు విలువ కడితే రెండోది. సొంత భూమికి అద్దె, పెట్టుబడికి వడ్డీ కూడా కలిపితే మూడోది. మద్దతు ధర చర్చల్లో వినిపించే ఏ2, ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్, సీ2 ఇవే. ఒక్క కుటుంబం దగ్గర కూర్చుని ఈ మూడూ రాసిన విద్యార్థికి, ఒకే పంట ఒక లెక్కలో లాభం, ఇంకో లెక్కలో నష్టం ఎలా అవుతుందో జీవితాంతం గుర్తుంటుంది. ఇంటి ఆడవాళ్ల పని చాలావరకు ఏ పద్దులోకీ రాకుండా పోవడమూ అప్పుడే కంటపడుతుంది.

ఎవరి దగ్గర నేర్చుకుంటున్నామన్నది అందుకే ముఖ్యం. జతపరిచే రైతు సాధారణంగా సొంత భూమి, కాస్త తీరిక, మాట చొరవ ఉన్నవాడై ఉంటాడు. ఊళ్లో సాగు చేసేవాళ్లలో కౌలు రైతులు చాలామంది. నాటేది, కలుపు తీసేది, విత్తనం దాచేది ఎక్కువగా ఆడవాళ్లు. వాళ్లకు తీరిక దొరికేది పొద్దుగూకాక. ఊళ్లోనే రాత్రి బస చేసే విద్యార్థి వాళ్లతో మాట్లాడగలడు. పొద్దున వచ్చి సాయంత్రం బస్సెక్కేసే విద్యార్థికి ఆ వీలుండదు.

పంట కాలం వారాల్లో ఇమడదు

ఇన్ని మంచి గుణాలున్న ఈ సెమిస్టర్‌కు ఒక పెద్ద లోపం ఉంది. స్వర్ణ లాంటి దీర్ఘకాలిక వరి ఐదు నెలల పంట. చాలా కంది రకాలు ఇంకా ఎక్కువ కాలం తీసుకుంటాయి. ఊళ్లో ఉండేది 8 వారాలు. వారానికో అంశం చొప్పున పంచడం వల్ల, భూసారం వారం వచ్చేసరికి పంట పొలంలో నిలబడి ఉండవచ్చు. సస్యరక్షణ వారంలో పురుగే ఉండకపోవచ్చు. విద్యార్థి తేలిగ్గా చూపగలిగేది పద్ధతి ప్రదర్శన: కిలో విత్తనానికి లీటరు నీటిలో గ్రాము కార్బెండజిమ్ కలిపి, 24 గంటలు నానబెట్టి, మండె కట్టడం లాంటిది. కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. ఫలితం తెలియాలంటే పంట కోయాలి. కోతకు ముందే విద్యార్థి ఊరు విడిచిపోతే, తాను చెప్పింది పని చేసిందో లేదో అతనికి ఎప్పటికీ తెలియదు. తెలియకుండానే పట్టా వస్తుంది, ఉద్యోగం వస్తుంది, అదే సలహా వెయ్యి మందికి వెళుతుంది.

దీన్ని సరిదిద్దడానికి కొత్త కోర్సులు అక్కర్లేదు. మొదట, ప్రతి విద్యార్థికీ ఒక పొలాన్ని విత్తు నుంచి కోత దాకా అప్పగించాలి. ఊరి వారాలు ముగిశాక జరిగే శిక్షణంతా దగ్గరి పరిశోధన స్థానంలోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో పెట్టి, రెండు వారాలకోసారి ఆ పొలానికి వెళ్లేలా రోజులు కేటాయించాలి. దిగుబడి తూచే రోజున విద్యార్థి అక్కడ ఉండటం తప్పనిసరి చేయాలి.

రెండోది, నివేదిక ఊరికి చెందాలి. ఇప్పుడది మార్కుల కోసం కళాశాలకు చేరుతుంది. దాని ప్రతిని ఆంధ్రలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో రైతు వేదికలో తెలుగులో ఉంచాలి. మరుసటి ఏడాది బ్యాచ్ అదే ఊరికి వెళ్లి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. అవే బావులు, అవే పొలాలు, అవే వానల లెక్కలు అయిదేళ్లు కొనసాగితే ఆ ఊరికి సొంత వనరుల చరిత్ర తయారవుతుంది. ఏ సలహాకైనా అంతకంటే గట్టి పునాది దొరకదు.

మూడోది, మార్కులు. ఎన్ని ప్రదర్శనలు జరిగాయి, ఎన్ని ఫొటోలు జతచేశారన్న దానికి తక్కువ ఇవ్వాలి. రైతు ఒప్పుకోని సిఫారసు ఏది, ఎందుకు ఒప్పుకోలేదు, దాన్ని ఎలా మార్చి చూశారు అన్న దానికి ఎక్కువ ఇవ్వాలి. మౌఖిక పరీక్షకు ఆ రైతునూ పిలిచి అడగాలి.

నాలుగోది, వసతి. ముఖ్యంగా ఆడపిల్లలకు ఊళ్లో భద్రమైన బస, మరుగుదొడ్డి, రాకపోకల ఖర్చు విశ్వవిద్యాలయం బాధ్యతే కావాలి. అధ్యాపకులు ఊరికి వచ్చి పొలంలో నిలబడి తప్పులు దిద్దడానికి చాలినన్ని రోజులు వాళ్ల పనివేళల్లో లెక్కకు రావాలి. ఈ ఖర్చు తగ్గించుకున్న చోట ఊరి సెమిస్టర్ పేరుకే మిగులుతుంది.

రైతులు చేయగలిగిందీ ఉంది. మీ ఊరికి రావెప్ పిల్లలు వస్తే బాగా పండిన మడి ఒక్కటే చూపించకండి. పంట ఎదగని మూలకు తీసుకెళ్లండి. అప్పు, కౌలు దాచకుండా అసలు ఖర్చు చెప్పండి. వాళ్లు ఇచ్చిన సలహా ఆచరిస్తే, ఏ రోజు కోస్తున్నారో ముందుగా కబురు పెట్టి, వచ్చి దిగుబడి తూచమని గట్టిగా అడగండి. చెప్పిన మాటకు పంటతో జవాబు చెప్పుకునే అలవాటు చదువుకునే రోజుల్లోనే పడితే, అధికారిగా వచ్చినప్పుడు వాళ్ల సలహాను మనం నమ్మవచ్చు.